కిటికీ అవతల నీళ్ళ చప్పుడు

ఈ పత్రికకు నేను ఇదివరకు రెండుసార్లు వంటలు రాసి పంపాను. గోంగూర ఎండురొయ్యలు ఒకసారి, తాటిముంజల పాయసం ఒకసారి. ఈసారి పంపుతున్నది వంట కాదు. ఐసు ఫ్యాక్టరీలో ఉండే కరెంటు ప్యానెల్ బోర్డు గురించి! నవ్వకండి. మా చెల్లెలు ఇప్పటికే నవ్వేసింది. "ఆడవాళ్ళ పత్రికలో ఇదెవరు చదువుతారే అక్కా?" అంది. కుక్కరు వాడే ప్రతి ఆడదీ చదవొచ్చు అన్నాను.

మాది బందరు. గిలకలదిండి హార్బరు వైపు వెళ్ళే దారిలో ఓ ఐసు ఫ్యాక్టరీని మావారూ, మా బావగారూ కలిసి 2016లో లీజుకు తీసుకున్నారు. ఫ్యాక్టరీ కాంపౌండులోనే రెండు గదుల ఇల్లు ఉంది. బావగారి కుటుంబం ఊళ్ళో ఉంటారు. రాత్రిళ్ళు మిషను దగ్గర మనవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా అని మేము ఇక్కడికి వచ్చేశాం. వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి నాకు వారం రోజులు నిద్ర లేదు. కంప్రెసరు ధడధడమంటూ ఓ పక్క, బెల్టు శబ్దం ఓ పక్క. సరిగ్గా మా వంటింటి కిటికీ అవతల కండెన్సరు. అంటే ఇనప పైపులు వరసలు వరసలుగా నిలబెట్టి, పైనుంచి వాటిమీద నీళ్ళు పోస్తూ ఉంటారు. రాత్రీ పగలూ వాన కురుస్తున్నట్టే ఉంటుంది. తర్వాత్తర్వాత ఆ చప్పుడు లేకపోతేనే నిద్ర పట్టని స్థితికి వచ్చాననుకోండి!

ఐసు ఎలా తయారవుతుందో నేను చూసిందే చెప్తాను. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్ళు ఉంటాయి. ఉప్పు కలిసింది కాబట్టి సున్నాకి ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు కిందికి పోయినా ఆ నీళ్ళు గడ్డ కట్టవు. మంచినీళ్ళు పోసిన రేకు క్యాన్లను అందులో దించుతారు. మా క్యాను 50 కిలోలది. గడ్డ కట్టడానికి ఓ రోజు పడుతుంది. ఆ ఉప్పునీళ్ళని చల్లబరిచేది అమ్మోనియా. ఇంటర్‌లో బై.పి.సి. చదివేటప్పుడు ఎన్.హెచ్.3 అని బట్టీ పట్టాను గానీ, దాని ముఖం చూస్తాననుకోలేదు. అది మామూలుగా సున్నాకి 33 డిగ్రీలు కిందే మరిగిపోతుంది. మరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. అలా ఆవిరైన అమ్మోనియాని కంప్రెసరు లాగి గట్టిగా నొక్కి బయటి పైపుల్లోకి తోస్తుంది. ఆ పైపుల మీద నీళ్ళు పడుతుంటే అది చల్లబడి మళ్ళీ ద్రవంగా మారి తొట్టిలోకి వస్తుంది. ఇంతే కథ. పైపుల మీద నీళ్ళు ఆగితే ఆ వేడి పోయే దారి ఉండదు. లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక ప్యానెల్ బోర్డు. మన బట్టల బీరువా అంత ఉంటుంది. తలుపు మీద మీటర్లు, ఎర్ర దీపం, పచ్చ దీపం, బటన్లు. తలుపు తీస్తే ఇంద్రజాలమే! మొదట్లో నాకు అటు చూడాలంటేనే భయం. అప్పట్లో మిషను మీద ఉన్న ఆపరేటరుగారు డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి. మేమంతా బాబాయిగారు అనే పిలిచేవాళ్ళం. ఆయనకు కంట్లో శుక్లాలు. మీటర్ల మీద ముల్లు ఎక్కడుందో కనిపించేది గానీ, లాగ్‌బుక్కులో చిన్న గడుల్లో అంకెలు రాయడం కష్టంగా ఉండేది. "అమ్మాయ్, కాస్త వచ్చి రాసిపెట్టమ్మా" అనేవారు. గంట గంటకూ రాయాలి. లాగే వైపు ఒత్తిడి ఎంత, తోసే వైపు ఎంత, ఆయిలు ఎంత, కరెంటు ఎన్ని ఆంపియర్లు, ఎన్ని ఓల్టులు, తొట్టిలో చల్లదనం ఎంత. మా మిషనుకి లాగే వైపు 20 పౌండ్లు, తోసే వైపు 180 పౌండ్లు ఉంటే ఇల్లు చల్లగా ఉన్నట్టు. ఎండాకాలం 200 దాకా పోతుంది.

అలా రాయడానికి వెళ్ళి వెళ్ళి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాను. ఆయన విసుక్కోకుండా చెప్పేవారు. మోటారుని ఒక్కసారిగా లాగిస్తే కరెంటు విపరీతంగా గుంజుతుందట. అందుకని ముందు 'స్టార్'లో నెమ్మదిగా లేపి, ఏడెనిమిది సెకన్లకి 'డెల్టా'లోకి మారుస్తుందట బోర్డు. ఆ మార్చేవాటిని కాంటాక్టర్లు అంటారు. ముందు టక్‌మని ఓ చప్పుడు, కాసేపాగి టకటక్‌మని ఇంకోటి. "రెండో చప్పుడు రాలేదనుకో, టైమరు పోయినట్టు. చప్పుడు వచ్చి తుమ్మెదలా జుమ్మంటోందనుకో, కాంటాక్టరు మూతుల మధ్య దుమ్మో తుప్పో ఉన్నట్టు, లేదా ఓల్టేజీ తక్కువున్నట్టు" అనేవారు. పోపు వేస్తే ఆవాలు చిటపటలాడటం చూడకుండా విని చెప్పేస్తాం కదా, ఇదీ అంతే అనిపించింది నాకు.

ఇంకా కటౌట్లు ఉంటాయి. సినిమా హీరోలవి కాదు! అరచేతంత డబ్బాలు. ఆయిలు ఒత్తిడి తగ్గితే మిషనుని ఆపేది ఒకటి. లాగే వైపు మరీ తగ్గితే ఆపేది ఎల్.పి. కటౌట్. తోసే వైపు హద్దు దాటితే ఆపేది హెచ్.పి. కటౌట్. మాది 225 పౌండ్లకి పెట్టి ఉంది. అక్కడికి చేరగానే టక్‌మని కంప్రెసరు ఆగిపోతుంది. మళ్ళీ దానంతటది మొదలవదు. మనిషి వచ్చి, ఎందుకాగిందో చూసుకుని, చేత్తో రీసెట్ నొక్కాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు కాలిపోకుండా ఆపేది ఇంకోటి. "ఇవన్నీ మన కుక్కరు సేఫ్టీ వాల్వు లాంటివి కదా బాబాయిగారూ" అంటే ఆయన ఎంత సంతోషపడ్డారో! "సరిగ్గా చెప్పావమ్మాయ్. మిషను నడపడానికి బోర్డు ఎందుకు, ఓ స్విచ్చు చాలు. బోర్డు ఉన్నది ఆపడానికి" అన్నారు.

2019 జనవరిలో ఆయన కొడుకు వచ్చి, కంటి ఆపరేషనుకని ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్ళిపోయాడు. మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. ఆయన స్థానంలో ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు వచ్చాడు. మంచివాడే గానీ నిద్ర మహా ప్రీతి. లాగ్‌బుక్కు వాడే రాస్తానన్నాడు. సరే కదా అని నేను మానేశాను. ఓ రోజు తిరగేసి చూస్తే రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా ఒకే వరస. 180, 180, 180... పొద్దున్నే లేచి ఒకే చేత్తో ఒకే ఊపులో రాసేసినట్టు తెలుస్తూనే ఉంది. మా అమ్మాయి చిన్నప్పుడు కాపీ రైటింగ్ అలాగే రాసేది!

ఫిబ్రవరి నెలాఖరు నుంచి మొదలైంది గొడవ. రాత్రి రెండు, మూడు గంటల వేళ మిషను ఆగిపోవడం. హెచ్.పి. కటౌట్ కొట్టేస్తోంది. కుర్రాడు లేచి కళ్ళు నులుముకుంటూ రీసెట్ నొక్కి, ఉన్న స్టార్టు బటన్లన్నీ వరసగా నొక్కేవాడు. మిషను నడిచేది. పొద్దున్న ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే అన్నీ సవ్యంగానే ఉండేవి. రోగి డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం తగ్గిపోయినట్టు! రెండు వారాల్లో ఐదుసార్లు అలా జరిగింది. కుర్రాడు లేవడం ఆలస్యమైన రాత్రి ఐసు నడుమ కట్టలేదు. దిమ్మ మధ్యలో నీళ్ళు. పడవ వాళ్ళు తీసుకోమన్నారు. తీసుకోరు మరి! వేటకి పోతే వారం పది రోజులు సముద్రంలోనే ఉంటారు. ఐసు కరిగితే చేప కుళ్ళుతుంది.

ఆరో రోజు ఎలక్ట్రీషియన్ తేల్చేశాడు. "కటౌటే పాడైందండీ. ఊరికే కొట్టేస్తోంది. కొత్తది తెప్పిస్తాను. అందాకా డైరెక్ట్ చేస్తున్నాను" అన్నాడు. డైరెక్ట్ చేయడమంటే కటౌట్‌కి వచ్చే రెండు వైర్లనీ ఓ తీగ ముక్కతో కలిపేయడం. ఇక కటౌట్ ఉన్నా లేనట్టే. బావగారు సరేనన్నారు. మావారూ సరేనన్నారు. వాళ్ళని పూర్తిగా తప్పు పట్టలేను. అడ్వాన్సులు తీసుకున్న పడవలు నాలుగు రేవులో ఎదురుచూస్తున్నాయి.

సాయంత్రం టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బోర్డు తలుపు తీసే ఉంది. ఎర్ర తీగ ముక్క, వేలెడంత. నాకు కనిపించింది. బాబాయిగారు నాతో ఒకటికి పదిసార్లు చెప్పిన మాట, ఏం కొంపలు మునిగినా ఆ పని చేయకూడదని. రాత్రి అన్నం పెడుతూ, "ఏవండీ, ఆ తీగ వేయకూడదట కదా, బాబాయిగారు చెప్పేవారు" అన్నాను. "రెండు రోజులేగా. నీకెందుకు ఇవన్నీ? చారు పొయ్యి" అన్నారు. చారు పోశాను. ఇంకో మాట అనలేదు. బావగారు ఒప్పుకున్నాక నేనేమిటి మధ్యలో అనుకున్నాను. మూడు రోజులు అలాగే ఊరుకున్నాను. ఈ మూడు రోజుల గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ తీగ వేసింది నేను కాదు. నిజమే. కానీ అది ఏమిటో తెలిసిన మనిషిని ఆ కాంపౌండులో నేనొక్కదాన్నే ఉన్నాను. మా పిల్లలిద్దరూ కండెన్సరుకి ఇరవై అడుగుల దూరంలో పడుకుంటున్నారు.

నాలుగో రాత్రి. ఎందుకో మెలకువ వచ్చింది. గడియారం చూస్తే మూడుకి ఇరవై నిమిషాలు తక్కువ. మిషను ఆగిందేమో, అందుకే లేచానేమో అనుకున్నాను. లేదు, ధడధడమని నడుస్తూనే ఉంది. మరేమిటి తేడా? ఓ క్షణం పట్టింది. వాన లేదు! కిటికీ అవతల నీళ్ళ చప్పుడు లేదు. పైపుల చివరల నుంచి చుక్కలు మాత్రం టప్... టప్... మని పడుతున్నాయి.

అప్పుడు వెలిగింది నాకు. ఇంతకు ముందు రాత్రుళ్ళు కూడా ఇలాగే మెలకువ వచ్చేది. వచ్చిన కాసేపటికి మిషను ఆగేది. ఆగింది కాబట్టి లేచాననుకునేదాన్ని. కాదు! ముందు వాన ఆగేది, తర్వాత మిషను ఆగేది. ఈ రాత్రి వాన ఆగింది, మిషను మాత్రం ఆగదు. ఆపేదాన్ని మనమే కట్టేశాం కదా!

"ఏవండీ, లేవండీ!" అని ఓ కేక పెట్టి, కొంగు నడుముకి బిగించి పరుగెత్తాను. కుర్రాడు బల్ల మీద గాఢ నిద్ర. మీటరు ముల్లు 250 దాటి ఉంది. ఆ అంకె దగ్గర ముల్లుని నేనెప్పుడూ చూడలేదు. మోటారు మూలుగుతున్నట్టుంది. ఎర్ర బటను ఎక్కడుందో చీకట్లోనైనా తెలుసు నాకు. నొక్కేశాను. బెల్టు నెమ్మదించి, చక్రం రెండు సార్లు తిరిగి ఆగింది. సేఫ్టీ వాల్వు లేవలేదు, గ్యాసు బయటికి రాలేదు. అంతవరకూ దేవుడి దయ. పంపు వైపు చూస్తే ఆగి ఉంది. మావారు వచ్చి మీటరు చూసి, నా వంక చూసి, ఏమీ మాట్లాడకుండా అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

అమ్మోనియా సంగతి తెలియని వాళ్ళకి ఓ మాట చెప్పాలి. ఉల్లిపాయలు తరిగితే వచ్చే మంట దీని ముందు లెక్కలోది కాదు. కొద్దిగా లీకైనా ముక్కు పగిలిపోతుంది, అదొకందుకు మంచిదే, ముందే తెలుస్తుంది. ఎక్కువైతే కళ్ళు, ఊపిరితిత్తులు కాల్చేస్తుంది. నీళ్ళంటే దానికి మహా ఇష్టం, ఇట్టే కలిసిపోతుంది. కళ్ళలో తడి ఉంటుంది కదా, అందుకే ముందు కళ్ళ మీద పడుతుంది. పడితే ఆగకుండా పావుగంట మంచినీళ్ళతో కడుగుతూ ఆస్పత్రికి పోవాలి. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని దానికి ఎదురుగా బయటికి పరుగెత్తాలి. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోవడం బయటపడటానికి పనికొస్తుంది గానీ, ధైర్యం చేసి లోపలికి పోవడానికి కాదు. ఇవన్నీ మా పిల్లలకి ఆ మర్నాడు నేర్పాను. ముందే నేర్పాల్సింది.

పొద్దున్నే బావగారు వచ్చారు. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "రాత్రి ఓల్టేజీ పడిపోయి ఉంటుందండీ" అన్నాడు. మావారు తలవంచుకుని ఉన్నారు. నేను గుమ్మం చాటున నిలబడి వింటున్నాను. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు, బావగారి ఎదుట నిలబడి ఓ మాట అన్నది లేదు నేను. ఏదైనా తోటికోడలి చేతనో, మావారి చేతనో చెప్పించేదాన్ని. ఆ రోజు కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి గానీ బయటికి వచ్చాను. "బావగారూ, కటౌట్ పాడవలేదండీ. ప్రతిసారీ ముందు పంపు ఆగింది. తర్వాతే మిషను ఆగింది. నేను విన్నాను" అన్నాను.

"వినడమేమిటమ్మా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. బావగారు చెయ్యి ఎత్తి అతన్ని ఆపారు. "చెప్పనీ" అన్నారు. చెప్పాను. వాన సంగతి, మెలకువ సంగతి, అన్నీ.

బాబాయిగారికి ఫోను చేసి, అందరికీ వినపడేట్టు పెట్టాం. కంటికి ఇంకా అద్దాలు రాలేదట, కానీ బుర్ర మాత్రం పాదరసం! అంతా విని, "పంపు కాంటాక్టరు పక్కన హోల్డింగు వైరు ఉంటుంది, దాని స్క్రూ చూడండి. మెయిను తీశాక సుమా!" అన్నారు. స్టార్టు బటను నొక్కి వదిలేశాక కూడా మోటారు నడుస్తూ ఉండాలంటే ఆ వైరే పట్టి ఉంచాలట. అది ఓ క్షణం వదిలితే చాలు, పంపు ఆగిపోతుంది, మళ్ళీ ఎవరో నొక్కేదాకా లేవదు. తర్వాత ఆయన అడిగారు, "అసలు పంపు ఆగితే కంప్రెసరు కూడా ఆగేట్టు ఇంటర్‌లాక్ ఉండేదే, అది ఏమైంది?" అని. ఎవరికీ తెలియదు. ఆఖరికి కుర్రాడు గుర్తుచేసుకున్నాడు. జనవరిలో పంపు మార్చినప్పుడు కొత్త స్టార్టరు పెట్టి, ఆ రెండు వైర్లనీ కలిపి టేపు చుట్టేశారట. "మరి కటౌట్ మీద తీగ ఎవడు వేశాడు?" అన్నారు బాబాయిగారు. ఫోనులో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మెయిన్ స్విచ్చు తీశారు. ఫ్యూజులు ఊడదీసి మావారు జేబులో వేసుకున్నారు. బాబాయిగారి అలవాటు అది. ఫ్యూజు మన జేబులో ఉంటే ఎవరూ పొరపాటున కరెంటు ఇవ్వలేరు కదా. టెస్ట్ ల్యాంపు పెట్టి కరెంటు లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టారు. ఎలక్ట్రీషియన్ ఆ వైరుని రెండు వేళ్ళతో మెల్లగా లాగాడు. చేతిలోకి వచ్చేసింది! రాగి మొన అంతా ఆకుపచ్చ చిలుం. పూజ ఇత్తడి సామాను తోమకుండా వదిలేస్తే పడుతుందే, అలాంటిది. అమ్మోనియాకి రాగి అన్నా ఇత్తడి అన్నా పడదు, తినేస్తుంది. అందుకే ఈ మిషన్లలో పైపులన్నీ ఇనపవే వాడతారు. కానీ కరెంటు వైర్లు రాగివి కాకుండా ఎలా? పైగా సముద్రపు ఉప్పుగాలి. పైగా కంప్రెసరు అదురుకి గోడ మీది స్టార్టరు వణుకుతూ ఉంటుంది. చిలుం పట్టి, వణికి వణికి, స్క్రూ వదులైపోయింది. రాత్రిళ్ళు ఎప్పుడో ఓసారి పట్టు తప్పేది.

హెచ్.పి. కటౌట్‌ని కూడా పరీక్ష చేయించాం. సరిగ్గా 225 దగ్గర కొట్టింది. ఐదుసార్లు నిజం చెప్పింది పాపం, దాని నోరు మూసేశాం.

ఆ రోజే తీగ తీయించారు. ఇంటర్‌లాక్ మళ్ళీ పెట్టించారు. ఇప్పుడు పంపు ఆగితే కంప్రెసరు వెంటనే ఆగుతుంది, ఒత్తిడి పెరిగేదాకా ఎదురుచూడదు. బావగారు వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "లాగ్‌బుక్కు నువ్వే చూడమ్మా ఇకమీదట" అన్నారు. ఆయన నాతో నేరుగా అన్న మొదటి పని మాట అది.

అప్పటినుంచీ చూస్తున్నాను. బోర్డు లోపల చెయ్యి పెట్టను, అది లైసెన్సు ఉన్నవాళ్ళ పని. చూడటం, వినడం, వాసన పట్టడం, రాయడం నా పని. ఆంపియర్లు రోజూ ఉండేదాని కంటే నాలుగైదు ఎక్కువ కనిపిస్తే అడుగుతాను. వైరు తొడుగు రంగు మారి గోధుమ రంగులోకి వచ్చిందంటే అక్కడ బిగువు లేదని, వేడెక్కుతోందని అర్థం. ఓసారి బోర్డు వేడెక్కుతోందని కుర్రాడు తలుపు తెరిచి టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఊరి దుమ్మంతా, ఉప్పుగాలంతా లోపలికి! అంతేనా, ఓ బల్లి వెళ్ళి కాంటాక్టరులో ఇరుక్కుని మాడిపోయింది, ఫ్యూజు కొట్టేసింది. ఇప్పుడు తలుపు మూసే ఉంటుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు కుక్కరు గ్యాస్కెట్ లాంటిదే, సాగిపోయిందో పగిలిందో నెలకోసారి వేలితో తడిమి చూస్తాను. కేబుళ్ళు దూరే కన్నాల్లో సందులుంటే మూయాలి. మొదట్లో గోధుమపిండి ముద్ద పెడదామని నేనంటే బాబాయిగారు పడీపడీ నవ్వారు, "చీమలకి పెళ్ళిభోజనం" అని! దానికి వేరే సీలింగు ముద్ద దొరుకుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మాకు ఐసు గిరాకీ తగ్గుతుంది. బోర్డుకి తలంటు పోసే కాలం కూడా అదే. మెయిను తీసి, ప్రతి స్క్రూ బిగిస్తారు. దుమ్ము బ్రష్షుతో దులిపి పీలుస్తారు గానీ తడిగుడ్డ పెట్టరు. కాంటాక్టరు మూతులు నల్లబడితే గరుకు కాగితంతో రుద్దకూడదట, పైన వెండి పూత ఉంటుంది, అది పోతుంది. బాగా గుంటలు పడితే మార్చేయడమే. నేను కుర్చీ వేసుకుని కూర్చుని లెక్క రాస్తాను, ఏది ఎప్పుడు మార్చారో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడా ఒకటే గాలివాన. బోర్డు లోపలంతా చెమ్మ. కరెంటు రాగానే వేసేద్దామని తొందర అందరికీ. ఒప్పుకోలేదు నేను. మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషను పక్కింటి ఇన్వర్టరు మీద పెట్టి, నెమ్మదిగా ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ మెగ్గరు పెట్టి చూశాకే వేయించాను. హెయిర్ డ్రయ్యరు తర్వాత పనిచేయలేదు. దానికి మా అమ్మాయి ఇప్పటికీ సాధిస్తుంది.

ఆ కుర్రాడు ఇంకా మా దగ్గరే ఉన్నాడు. పెళ్ళయింది. ఇప్పుడు వాడి అంకెలు 178, 181, 183 అని గంటకోరకంగా ఉంటాయి. చూస్తే కడుపు నిండుతుంది!

మొన్న మార్చిలో ఆయిలు కటౌట్ కొట్టేసింది. సాయంత్రం ఆరు గంటలు, బయట రెండు వ్యానులు ఐసు కోసం నిలబడి ఉన్నాయి. కొత్తగా వస్తున్న ఎలక్ట్రీషియన్ అబ్బాయి అటూ ఇటూ చూసి, "ఓ గంట డైరెక్ట్ చేయనా అండీ, పొద్దున్న చూసుకుందాం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మావారు, "వద్దు, ఆపేయ్" అన్నారు. ఆయిలు ఫిల్టరు మూసుకుపోయిందని తెలిసి, విప్పి శుభ్రం చేసి మళ్ళీ నడిపేసరికి రాత్రి రెండయింది. ఆ రోజు అరవై దిమ్మలు నష్టం. వ్యానుల వాళ్ళు తిట్టుకుంటూ వేరే ఫ్యాక్టరీకి పోయారు. నేను లాగ్‌బుక్కులో టైము వేసి, కారణం రాసి, మావారికి అన్నం వడ్డించాను. చారు పోయమని ఆయన అడగలేదు, నేనే పోశాను.